ఎం20 ఫ్రేమ్ కొలతల వేట: ఒక గ్యారేజ్ డైరీ

నవంబర్ 5

ఈ రోజుతో ఫ్రేమ్ మీద ఇంకేమీ మిగల్లేదు. ఇంజిన్, గేర్‌బాక్స్, ట్యాంకు, చక్రాలు, ముందు ఫోర్క్ అన్నీ గోడవార పెట్టెల్లోకి చేరాయి. గ్యారేజ్ మధ్యలో ఇటుకల మీద నిలబెట్టింది ఉత్త ఇనుప గొట్టాల చట్రం. మన దగ్గర మెకానిక్‌లు దీన్ని ఛాసిస్ అంటారు. ఇక్కడ బర్మింగ్‌హామ్‌లో అందరూ ఫ్రేమ్ అంటారు, నేనూ అలాగే రాస్తాను.

బండి బీఎస్ఏ ఎం20, బీఎస్ఏ కంపెనీ ఇక్కడే బర్మింగ్‌హామ్‌లో తయారుచేసిన పాత మోటార్ సైకిల్. ఒకే సిలిండర్, సైడ్ వాల్వ్, 496 సీసీ. బోర్ 82 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 94. ఇంజనీర్ వాల్ పేజ్ రూపొందించిన ఈ మోడల్ 1937 సీజన్‌లో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం కోసం సుమారు 1,26,000 ఎం20లు తయారయ్యాయి. యుద్ధం ముగిశాక సైన్యం అమ్మేసిన బండ్లు ఇక్కడే కాదు, భారతదేశంలోనూ చాలా ఏళ్లు తిరిగాయి. వెనక సస్పెన్షన్ లేదు, ముందు గర్డర్ ఫోర్క్ (లింకుల మీద, స్ప్రింగుతో ఊగే పాతకాలపు ఇనుప ఫోర్క్). అందుకే నాకు ఇష్టం. దాచిపెట్టిన భాగం ఒక్కటీ ఉండదు, ఏది ఏ పని చేస్తుందో కంటికి కనిపిస్తుంది.

రంగు, ఇంజిన్ వదిలి ఫ్రేమ్‌తో ఎందుకు మొదలుపెట్టానంటే, కొన్నప్పుడు బండి నడిచేది గానీ తిన్నగా నడిచేది కాదు. ముప్పై మైళ్ల వేగం దగ్గర హ్యాండిల్ మీద పట్టు కాస్త సడలిస్తే ఎడమకు లాగేది. నా వెనక కారులో వచ్చిన మిత్రుడు, "అన్నా, నీ ముందు చక్రం ఒక గీత మీద, వెనక చక్రం ఇంకో గీత మీద పోతున్నాయి" అన్నాడు. పెయింట్ ఊడదీశాక చూస్తే ఎడమ వైపు సైడ్‌కార్ బిగించే లగ్గుల్లో (గొట్టాలు కలిసే చోట, భాగాలు బిగించే చోట ఉండే ఇనుప ముద్దలు) రంధ్రాలు కోలగా అరిగి ఉన్నాయి. ఈ దేశంలో సైడ్‌కార్ ఎడమ పక్కనే ఉంటుంది. ఈ బండి చాలాకాలం సైడ్‌కార్‌ను లాగి ఉండాలి. ఆ బరువు ఫ్రేమ్‌ను మెలిపెట్టిందని నా అనుమానం. అనుమానంతో బెండు తీయలేం కదా. ఎంత వంగిందో తెలియాలి, అంతకంటే ముందు వంగకముందు ఎంత ఉండేదో తెలియాలి.

నవంబర్ 19

1940లో సరిగ్గా ఇదే తేదీన స్మాల్ హీత్‌లోని బీఎస్ఏ ఫ్యాక్టరీ మీద బాంబులు పడ్డాయి. రాత్రి షిఫ్టులో ఉన్న 53 మంది చనిపోయారు. సాయంత్రం పని అయ్యాక ఆర్మరీ రోడ్ దాకా వెళ్లి కాసేపు నిలబడి వచ్చాను. మా ఇంటికి నాలుగు మైళ్లే. నా ఫ్రేమ్ పుట్టిన చోటు ఇంత దగ్గరగా ఉండి కూడా, దాని కొలత చెప్పే కాగితం ఒక్కటీ నా చేతిలో లేదు.

రెండు వారాలుగా వెతుకుతున్నాను. యజమానుల కోసం ముద్రించిన పాత హ్యాండ్‌బుక్ ట్యాపెట్ సందు చెబుతుంది, చెయిన్ ఎంత వదులుగా ఉండాలో చెబుతుంది, ఏ నూనె ఎక్కడ పోయాలో చెబుతుంది. ఫ్రేమ్ గురించి దొరికేది ఒక్కటే: వీల్‌బేస్ 54 అంగుళాలు.

ఆ అంకె చూసి మొదట సంబరపడ్డాను. ఆలోచించిన కొద్దీ అది నాకు పనికిరాదని అర్థమైంది. వీల్‌బేస్ అంటే ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసు వరకు. వెనక ఇరుసు గాడిలో ముందుకూ వెనక్కూ జరుగుతుంది, చెయిన్ బిగించేది అలాగే. ముందు ఇరుసు ఫోర్క్ చివర ఉంటుంది. ఆ ఫోర్క్ వంగి ఉంటే ఫ్రేమ్ ఎంత చక్కగా ఉన్నా అంకె మారుతుంది. పైగా 54 అంగుళాలు సరిగ్గా వచ్చినా ఫ్రేమ్ పక్కకు మెలిపడి ఉండవచ్చు. అంటే ఆ కొలత బండిది, ఫ్రేమ్‌ది కాదు.

ఫ్యాక్టరీలో కొలత అంటే కాగితం మీద అంకె కంటే ముందు జిగ్. లగ్గులు, గొట్టాలు ఒక బరువైన ఇనుప చట్రంలో తమ స్థానంలో కూర్చుంటాయి. పిన్నులు కొట్టి, ఇత్తడి కరిగించి బ్రేజింగ్ చేస్తారు. చల్లారేటప్పుడు అటూ ఇటూ లాగితే మళ్లీ బల్ల మీద పెట్టి సరిచేస్తారు. ఆ జిగ్ ఈ రోజు నాకు ఎవరూ ఇవ్వలేరు. అది చేసే పనిని నేనే ఇంకో రకంగా చేసుకోవాలి.

డిసెంబర్ 3

ఎం20 ఉన్న ముగ్గురు పెద్దవాళ్లకు ఫోన్ చేశాను. ముగ్గురూ ఓపికగా గ్యారేజ్‌లోకి వెళ్లి టేపు పెట్టి కొలిచి చెప్పారు. నేను అడిగింది ఒకటే: హెడ్‌స్టాక్ (ఫోర్క్ తిరిగే ముందు గొట్టం) కింది భాగం నుంచి వెనక ఇరుసు గాడి వరకు ఎంత? ముగ్గురి అంకెల మధ్య తేడా 11 మిల్లీమీటర్లు.

రాత్రి ఒంగోలుకు ఫోన్ చేసి నాన్నకు చెప్పాను. నాన్న ముప్పై ఏళ్లు లేత్ మీద పనిచేశారు.

"ఎక్కడ్నుంచి కొలిచార్రా వాళ్లు?" అన్నారు.

"హెడ్‌స్టాక్ కింద నుంచి నాన్నా."

"కింద అంటే ఎక్కడ? అంచు నుంచా, మధ్య నుంచా?"

"అది అడగలేదు."

"అడక్కుండా అంకెలు రాసుకుని ఏం చేస్తావు? మళ్లీ చెయ్."

మళ్లీ చేశాను. ఒకాయన బేరింగ్ కప్పు బయటి అంచు నుంచి కొలిచారు. ఇంకొకాయన కప్పులు తీసేసి లగ్ అంచు నుంచి. మూడో ఆయన ఇరుసు మధ్యకు కొలిచారు, అదీ చెయిన్ సాగిపోయి ఇరుసు బాగా వెనక్కి జరిగి ఉన్నప్పుడు. ఎవరి కొలతా తప్పు కాదు. మూడు వేరు వేరు దూరాలను ఒకే పేరుతో పిలుస్తున్నాం, అంతే.

అందుకే ఒక నిర్ణయం తీసుకున్నాను. ఈ డైరీలో తేడాలు రాస్తాను, పూర్తి దూరాలు రాయను. ఏ బిందువు నుంచి ఏ బిందువుకో చూపించే బొమ్మ పక్కన లేకుండా అంకె ఒక్కటే రాస్తే, అది ఇంకొకరి ఫ్రేమ్‌ను పాడు చేయగలదు. పూర్తి దూరాలు బొమ్మతో పాటు విడిగా గీస్తున్నాను.

డిసెంబర్ 10

బర్టన్ అపాన్ ట్రెంట్‌లోని వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్ లైబ్రరీ నుంచి జవాబు వచ్చింది. 1946లో మొదలైన ఈ క్లబ్ దగ్గర బీఎస్ఏ ఫ్యాక్టరీ నుంచి బండ్లు బయటికి పంపిన రిజిస్టర్లు ఉన్నాయి. నా ఫ్రేమ్ నంబర్ డబ్ల్యూఎం20 శ్రేణిలోది, 1942లో సైన్యానికి పంపినది. ఇంజిన్ నంబర్ దీనికి భిన్నంగా ఉంది గానీ అది దిగులు పడాల్సిన విషయం కాదు. ఆ రోజుల్లో బీఎస్ఏ ఫ్రేమ్, ఇంజిన్ నంబర్లు ఒకటిగా కొట్టలేదు. రెండూ ఒకటే అయితేనే అనుమానించాలి.

కొలత దొరకలేదు గానీ, ఒకటి ఖాయమైంది. ఇది వెనక సస్పెన్షన్ లేని యుద్ధకాలపు రిజిడ్ ఫ్రేమ్. 1948 నుంచి పౌరుల కోసం అమ్మిన ఎం20లకు టెలిస్కోపిక్ ఫోర్క్ వచ్చింది, 1951 నుంచి వెనక స్ప్రింగులున్న ప్లంజర్ ఫ్రేమ్ కూడా దొరికింది. పోల్చడానికి వెళ్లేటప్పుడు వాటి జోలికి పోకూడదు. గర్డర్ ఫోర్క్ ఉన్న యుద్ధకాలపు బండినే వెతకాలి.

డిసెంబర్ 27

సెలవుల్లో పెద్ద పని: కొలవడానికి చదునైన బల్ల.

గ్యారేజ్ నేల చదునుగా కనిపిస్తుంది. రసమట్టం పెడితే నాలుగు అడుగుల్లోనే తొమ్మిది మిల్లీమీటర్ల వాలు ఉంది. వర్క్‌షాపుల్లో వాడే సర్ఫేస్ ప్లేట్ ఈ సైజులో కొనే స్తోమత నాకు లేదు. వంటగది గట్లు చేసే దుకాణంలో అడిగితే మిగిలిపోయిన గ్రానైట్ పలక ఒకటి చవకగా ఇచ్చారు. ఆరు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు, 30 మిల్లీమీటర్ల మందం. నల్లరాయి, లోపల బంగారు చుక్కలు.

వీడియో కాల్‌లో చూపించగానే నాన్న గుర్తుపట్టారు. "అది మన చీమకుర్తి రాయి కదరా!" అన్నారు. నిజమే. గెలాక్సీ అనే పేరుతో ప్రపంచమంతా అమ్ముడయ్యే ఆ నల్ల గ్రానైట్ మా ప్రకాశం జిల్లా చీమకుర్తి క్వారీల నుంచే వస్తుంది. చిన్నప్పుడు ఆ దిమ్మెలు మోసుకుపోయే లారీల వెనక బస్సులో వెళ్లిన రోడ్డు గుర్తొచ్చింది. బర్మింగ్‌హామ్ ఫ్రేమ్‌ను మా ఊరి రాయి మీద కొలవబోతున్నాను. చాలా సంతోషంగా ఉంది.

పలకను మూడు చోట్ల మాత్రమే ఆనించాను. నాలుగు కాళ్లు పెడితే ఒకటి ఎప్పుడూ గాల్లో ఉండి రాయిని వంచుతుంది. కాళ్ల కింద బోల్టులు తిప్పుతూ మట్టం చేశాను. తర్వాత మీటరు పొడవు స్టీల్ స్ట్రెయిట్ ఎడ్జ్‌ను అన్ని దిక్కుల్లో పెట్టి కింద ఫీలర్ గేజ్ దూర్చి చూశాను. ఎక్కడా 0.15 మిల్లీమీటర్లకు మించి సందు లేదు. వంటగది రాయికి ఇది గొప్ప సంగతి. నేను వెతుకుతున్న తేడాలు మిల్లీమీటర్లలో ఉంటాయి కాబట్టి ఇది చాలు.

జనవరి 14

హెడ్‌స్టాక్ కోసం మాండ్రెల్ (లోపల దూర్చి కొలిచే తిన్నని రాడ్) తయారైంది. తెలియని వాళ్ల కోసం చెబుతాను: హెడ్‌స్టాక్ అంటే ఫ్రేమ్ ముందు భాగంలో ఫోర్క్ తిరిగే చిన్న గొట్టం. దాని మధ్యగా పోయే ఊహాగీతే స్టీరింగ్ ఇరుసు. బయటి నుంచి ఆ గొట్టాన్ని కొలిస్తే ఏమీ తెలియదు, పోత ఇనుము బయట గరుకుగా ఉంటుంది. లోపల బేరింగ్ కప్పులు కూర్చునే రెండు గుండ్రని గూళ్లు మాత్రం మెషీన్ మీద కోసినవి. నమ్మాల్సింది వాటిని.

25 మిల్లీమీటర్ల గ్రౌండ్ స్టీల్ రాడ్, మీటరు పొడవు. దాని మీద రెండు శంకువులు లేత్ మీద తీశాను, పైనొకటి, కిందొకటి. నట్టు బిగిస్తే రెండూ గూళ్లలో దిగి రాడ్‌ను సరిగ్గా మధ్యలో నిలబెడతాయి. పాత కప్పులు తీయకుండా పని కానిద్దామనుకున్నాను మొదట. కింది కప్పులో గోళీలు నొక్కి చేసిన గుంటలు చూశాక తీసేశాను. అరిగిన కప్పు మీద శంకువు కూర్చుంటే అరుగుదలనే కొలుస్తాం.

రాడ్ తిన్నగా ఉందో లేదో ముందు చూసుకున్నాను. గ్రానైట్ మీద దొర్లించి చివర డయల్ గేజ్ పెడితే 0.2 మిల్లీమీటర్ల ఊగు. పర్వాలేదు.

జనవరి 22

మొదటి కొలత.

ఫ్రేమ్‌ను పలక మీద పక్కకు పడుకోబెట్టాను, ఎడమ వైపు కిందికి. కింద మూడు చిన్న స్క్రూ జాకీలు. ఇప్పుడు అసలు ప్రశ్న: దేన్ని సరైనది అనుకుని మిగతావి దానితో పోల్చాలి? ఈ ప్రశ్న దగ్గరే మూడు రోజులు ఆగిపోయాను. పై గొట్టాన్ని నమ్ముదామంటే అదే వంగి ఉండవచ్చు. వెనక ఫోర్క్ చివరలైతే మరీ సన్నం.

చివరికి ఇంజిన్, గేర్‌బాక్స్ పట్టే లగ్గులను ఆధారంగా తీసుకున్నాను. అవి బరువైన ముద్దలు, సులువుగా వంగవు. వాటి ముఖాలు మెషీన్ చేసినవి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ లగ్గుల మధ్య బిందువు ఫ్రేమ్ మధ్య గీత మీదే ఉండాలని ఎక్కడా రాసి లేదు. చెయిన్‌ల కోసం ఇంజిన్‌ను ఒక పక్కకు జరిపి ఉండవచ్చు. కానీ ముఖాలు చక్రాలు తిరిగే తలానికి సమాంతరంగా మాత్రం ఉండి తీరాలి, లేకపోతే చెయిన్ వంకరగా తిరుగుతుంది. కాబట్టి వీటి నుంచి మెలిక ఎంతో చెప్పగలను, పక్కకు జరగడం ఎంతో చెప్పలేను. దానికి ఇంకో ఫ్రేమ్ చూడాల్సిందే.

జాకీలు తిప్పుతూ ముఖాలను నాలుగు చోట్ల హైట్ గేజ్‌తో ఒకే ఎత్తుకు తెచ్చాను. మూడు చోట్ల 0.3 లోపు కలిసింది, నాలుగోది 0.5 దగ్గర ఆగింది. ఇంజిన్ కూర్చునే భాగం బాగానే ఉందన్నమాట. గుండెల మీద నుంచి పెద్ద బరువు దిగింది.

తర్వాత మాండ్రెల్. రాడ్ మీద 600 మిల్లీమీటర్ల ఎడంతో రెండు గుర్తులు పెట్టి రెండింటి ఎత్తూ కొలిచాను. ఫ్రేమ్ చక్కగా ఉంటే రెండూ ఒకటే రావాలి. తేడా 14 మిల్లీమీటర్లు వచ్చింది.

నమ్మకం కలగక ఫ్రేమ్ దించి, మళ్లీ ఎక్కించి, మొదటి నుంచి చేశాను. 13.5. మరోసారి: 14.

600కు 14 అంటే 1.3 డిగ్రీల పైన. వినడానికి ఏమీ అనిపించదు. హెడ్‌స్టాక్ నుంచి నేల దాకా సుమారు 800 మిల్లీమీటర్లు అనుకుంటే, ముందు టైరు నేలను తాకే చోటు దాదాపు 19 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. నా మిత్రుడు కారులో నుంచి చూసింది ఇదే.

జనవరి 23

నిన్న రాత్రి నిద్ర పట్టక, హెడ్‌స్టాక్ వాలు కూడా మారిందా అనే టెన్షన్‌తో పొద్దున్నే లేచి డిజిటల్ యాంగిల్ గేజ్ పెట్టి చూశాను. కింది పట్టాల గొట్టాలకూ మాండ్రెల్‌కూ మధ్య కోణం రాసుకున్నాను. ఇది పోల్చడానికే. ఈ వాలు ముఖ్యం. 3.25-19 టైరుతో లెక్క వేస్తే, హెడ్‌స్టాక్ ఒక్క డిగ్రీ మారితే ట్రెయిల్ (స్టీరింగ్ ఇరుసు గీత నేలను తాకే చోటుకూ ముందు టైరు తాకే చోటుకూ మధ్య దూరం) సుమారు ఏడు మిల్లీమీటర్లు మారుతుంది. ట్రెయిల్ తగ్గితే హ్యాండిల్ చురుగ్గా, చంచలంగా తిరుగుతుంది. ముందు నుంచి గట్టిగా గుద్దుకున్న బండ్లలో హెడ్‌స్టాక్ కింది కొన వెనక్కి పోయి వాలు తగ్గుతుంది. పై గొట్టం కింద హెడ్ లగ్ దగ్గర పెయింట్ తీసి వేలితో తడిమి చూశాను. ముడత లేదు, ఉబ్బు లేదు.

ఫిబ్రవరి 11

గర్డర్ ఫోర్క్‌ను విడిగా పలక మీద పెట్టాను. కింది ఇరుసు గాళ్లలో ఒక రాడ్, పైన లింకు స్పిండిల్ రంధ్రంలో ఇంకో రాడ్, రెండూ సమాంతరమా కాదా అన్నదే పరీక్ష. 300 మిల్లీమీటర్ల పొడవులో ఒక మిల్లీమీటరు తేడా. ఫోర్క్ బాగానే ఉంది. లింకు బుష్‌లు అరిగాయి, అవి మార్చుతాను. ఈ పేజీలో ఇంతకంటే రాయాల్సింది లేదు.

మార్చి 4

ఈ రోజు కవెంట్రీ దగ్గర ఒక పల్లెలో యుద్ధకాలపు ఎం20 ఉన్న పెద్దాయన ఇంటికి వెళ్లాను. డిసెంబర్‌లో ఫోన్‌లో కొలిచి చెప్పిన ముగ్గురిలో ఒకరు. ఆయన బండి పూర్తిగా బిగించి ఉంది కాబట్టి మాండ్రెల్ పెట్టలేం. కానీ మూడు పనులు చేయవచ్చు.

మొదటిది, నా బొమ్మలో గుర్తు పెట్టిన బిందువుల మధ్య దూరాలు, ఎడమ వైపూ కుడి వైపూ. టేపు కాదు, రెండు కొనలున్న ట్రామెల్ తీసుకెళ్లాను. ఆ కొనలు బోల్టు రంధ్రాల మధ్యలో కూర్చుంటాయి, దూరం తర్వాత తీరిగ్గా స్కేలు మీద చూసుకోవచ్చు. రెండోది, కింది పట్టాలకూ హెడ్‌స్టాక్‌కూ మధ్య కోణం. మూడోది, వెనక ఫోర్క్ చివరల లోపలి ముఖాల నుంచి గేర్‌బాక్స్ లగ్ ముఖం గుండా గీసిన గీతకు ఎంత దూరం. దీనికి దారం కట్టాం. ఆయన ఒక కొన పట్టుకున్నారు, నేనొకటి. ఆయనకు ఎనభై దాటాయి. దారం పట్టుకున్న చెయ్యి ఒక్కసారి కూడా కదల్లేదు.

రిమ్ నుంచి ఎందుకు కొలవకూడదో ఆయనే చెప్పారు. ఆ కాలపు బ్రిటిష్ బండ్లలో చాలావాటికి వెనక రిమ్ హబ్‌కు నడిమధ్యలో ఉండదు. బ్రేక్ డ్రమ్ముకూ చెయిన్ చక్రానికీ చోటు కావాలి కాబట్టి స్పోకులు వేసేటప్పుడే ఒక పక్కకు జరుపుతారు. రిమ్ చూసి ఫ్రేమ్‌ను సరిచేసిన వాళ్లు మంచి ఫ్రేమ్‌ను వంచేసిన సందర్భాలు ఆయన చూశారట.

ఇంటికి వచ్చి పోల్చుకుంటే హెడ్‌స్టాక్ కోణంలో ఆయన బండికీ నాదానికీ తేడా 0.3 డిగ్రీలు. అంటే ముందు నుంచి గుద్దుకోలేదు. మెలిక ఒక్కటే జబ్బు.

ఏప్రిల్ 23

స్టాఫర్డ్ క్లాసిక్ బైక్ షో. పాత విడిభాగాలు అమ్మే చోట గడ్డి మీద ఒక ఉత్త ఎం20 ఫ్రేమ్ కనిపించింది. ధర నా అందుబాటులో లేదు. అమ్మే ఆయనకు నా సంగతి చెప్పి, కొనలేను గానీ కొలుచుకోవచ్చా అని అడిగాను. ముందు వింతగా చూశారు, తర్వాత తనే ఫ్రేమ్ తిప్పి పట్టుకున్నారు. ట్రామెల్, దారం, యాంగిల్ గేజ్ సంచిలోనే ఉన్నాయి. మాండ్రెల్ కూడా తీసుకెళ్లాను, భుజం నొప్పి పుట్టినా మంచిదైంది.

ఇప్పుడు నా దగ్గర మూడు ఫ్రేమ్‌ల అంకెలు ఉన్నాయి. రాత్రి కూర్చుని పక్కపక్కన రాశాను. ఈ ప్రాజెక్టులో ఇంతవరకు నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది ఈ ఒక్క కాగితం.

ఇంజిన్ లగ్గుల రంధ్రాల మధ్య దూరాలు మూడింటిలోనూ అర మిల్లీమీటరు లోపే కలిశాయి. వెనక ఫోర్క్ చివరల దాకా దూరాలు మాత్రం, బాగున్న రెండు ఫ్రేమ్‌ల మధ్యే రెండు మూడు మిల్లీమీటర్లు తేడా. అంటే ఫ్యాక్టరీ ఎక్కడ జాగ్రత్త పడిందో, ఎక్కడ పట్టించుకోలేదో ఈ అంకెలే చెబుతున్నాయి. ఇంజిన్ దిగే చోట సందు ఉండకూడదు. ఇరుసు ఎలాగూ గాడిలో జరుగుతుంది, అక్కడ చెయిన్ అడ్జస్టర్లు చూసుకుంటాయి. కాబట్టి నేనూ అక్కడ అర మిల్లీమీటరు కోసం తాపత్రయపడనక్కర్లేదు.

వెనక చివరల మధ్య బిందువు ఆ రెండింటిలో ఆధార గీత నుంచి ఒక మిల్లీమీటరు తేడాతో ఒకే చోట ఉంది. నా ఫ్రేమ్‌లో అది ఎడమకు ఆరు మిల్లీమీటర్లు జరిగింది.

ఇంకొకటి బయటపడింది. హెడ్‌స్టాక్ నుంచి గాడి వరకు నా కుడి వైపు దూరం మిగతా రెండింటితో కలుస్తోంది, ఎడమ వైపు ఐదు మిల్లీమీటర్లు ఎక్కువ. నా ఫ్రేమ్ ఒక్కటే చూసి ఉంటే, రెండు వైపుల్లో ఏది తప్పో తెలిసేది కాదు. బహుశా కుడి పక్క నొక్కుకుపోయిందనుకుని దాన్ని లాగేవాడిని.

ఏప్రిల్ 30

ఎడమ కింది గొట్టం మీద మిగిలిన పెయింట్ అంతా తీశాను. వెనక లగ్ దగ్గర బ్రేజింగ్ రంగు వేరుగా ఉంది, పిన్ను కూడా కొత్తది. ఎప్పుడో ఎవరో ఆ గొట్టం మార్చి, కాస్త పొడవుగా వేశారు. పని శుభ్రంగానే చేశారు.

దాన్ని విప్పాలా? రెండు రోజులు ఆలోచించాను. విప్పాలంటే లగ్‌ను సుమారు 900 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేసి ఇత్తడి కరిగించాలి. పక్కనున్న ఎనభై ఏళ్ల నాటి జాయింట్లు కూడా ఆ వేడిలో కదులుతాయి. దీనికి బదులు ఎడమ అడ్జస్టర్‌ను ఐదు మిల్లీమీటర్లు ముందుకు పెడితే ఇరుసు చతురస్రంగా కూర్చుంటుంది. గాడిలో అంత చోటు ఉంది. విప్పను. అడ్జస్టర్ మీద గుర్తు కొట్టి ఉంచుతాను.

మే 20

బెండు తీయడం. చల్లగానే, మంట పెట్టకుండా.

వారం క్రితం స్క్రాప్ యార్డ్‌లో రెండు మీటర్ల ఐ సెక్షన్ ఇనుప దూలం కొన్నాను. గ్రానైట్ కొలవడానికే, దాని మీద లాగితే పగిలిపోతుంది. ఇంజిన్ స్థానంలో 20 మిల్లీమీటర్ల స్టీల్ ప్లేట్లతో దిమ్మ చేసి లగ్గుల్లో బిగించాను, లాగేటప్పుడు అవి కదలకూడదు. ఆ దిమ్మను దూలానికి కట్టాను. ముందుగా ప్రతి లగ్ దగ్గర పగుళ్లు చూపించే ఎర్ర ద్రవం రాసి, తుడిచి, తెల్ల పొడి చల్లి చూశాను. ఎక్కడా ఎర్ర గీత రాలేదు. వచ్చి ఉంటే ఈ రోజు పని ఆపేసేవాడిని.

హెడ్‌స్టాక్‌లో మందపాటి గొట్టం దూర్చి, దాని చివర బాటిల్ జాకీ. ఇది మాండ్రెల్ కాదు, మాండ్రెల్‌తో ఎప్పుడూ లాగకూడదు.

మొదటిసారి కొన 20 మిల్లీమీటర్లు కదిలేదాకా లాగి వదిలితే మొత్తం వెనక్కి వచ్చేసింది. 26కు లాగినా అంతే. 32 దగ్గర వదిలితే మూడు మిల్లీమీటర్లు మిగిలింది. అక్కడి నుంచి ఒక్కొక్క మిల్లీమీటరే పెంచాను. ప్రతిసారీ జాకీ వదిలి, ఫ్రేమ్‌ను దూలం నుంచి విప్పి, గ్రానైట్ మీదకు మోసి, మాండ్రెల్ పెట్టి కొలిచాను. ఒక చుట్టుకు నలభై నిమిషాలు. ఓపిక చాలక రెండు చుట్లు కలిపేద్దామనిపించింది రెండుసార్లు. కలపలేదు. ఎక్కువ లాగితే మళ్లీ అటువైపు లాగాలి, ప్రతి లాగుకూ ఆ లోహం ఎంతో కొంత ఓర్పు కోల్పోతుంది.

రాత్రి తొమ్మిదికి: 14 నుంచి 6.

మే 21

ఆరు నుంచి నాలుగు, నాలుగు నుంచి రెండు. రెండు దగ్గర ఆపాను. స్టాఫర్డ్‌లో కొలిచిన ఫ్రేమ్‌లో ఒకటిన్నర ఉంది, అది ఎప్పుడూ దెబ్బ తినలేదని అనిపించే ఫ్రేమ్. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన దానికంటే చక్కగా చేయాలని నాకు లేదు.

జూన్ 10

వెనక భాగం సులువుగా అయింది. హెడ్‌స్టాక్ మెలిక పోయేసరికి వెనక తేడాలో కొంత దానంతటదే తగ్గుతుందని ఆశపడ్డాను. తగ్గలేదు, రెండూ వేరు వేరు వంపులు. ఇరుసు స్థానంలో దారాలు కోసిన బలమైన రాడ్ పెట్టి, రెండు చివరలూ ఎడం మారకుండా నట్లతో బిగించి, మొత్తాన్ని కుడికి లాగాను. ఆరు నుంచి ఒకటికి వచ్చింది. ఎడమ చివర నిలువు ముఖం కాస్త వాలింది. రెండు పొడవాటి బార్లు పెట్టి ముఖాలు సమాంతరం చేశాను, లేకపోతే ఇరుసు బిగించినప్పుడే వంగుతుంది.

జూన్ 24

ఉత్త క్రాంక్‌కేస్ పెట్టి చూసే రోజు. లోపల ఏమీ లేని అల్యూమినియం కేసులు రెండూ కలిపి బిగించి, ఫ్రేమ్‌లో దించాను. సుత్తి వాడకూడదని ముందే అనుకున్నాను. ముందు బోల్టులు వేళ్లతో తోస్తే జారిపోయాయి. గేర్‌బాక్స్ ప్లేట్ల బోల్టులూ జారాయి. కింది వెనక బోల్టు ఒక్కటి ఆగింది. తీసి చూస్తే రంధ్రంలో పాత పెయింట్ గట్టిపడి ఉంది. గీకాక అదీ వెళ్లింది.

చక్రాలు బిగించి వెనక టైరు చుట్టూ ముందు దాకా దారం కట్టాను, రిమ్ ఎంత పక్కకు ఉందో లెక్కలో కలుపుకుని. ముందు చక్రం రెండు దారాల మధ్య చక్కగా నిలబడింది. నాన్నకు వీడియోలో చూపించాను. ఎడమ దారం వైపు ఫోన్ ఇంకాస్త దగ్గరగా పెట్టమన్నారు, తర్వాత కుడి దారం వైపు. "దారం బిగువుగా ఉందా?" అన్నారు. ఉందన్నాను. "అయితే రంగు వెయ్" అన్నారు.

కొలతల బొమ్మను ఈ రోజు శుభ్రంగా మళ్లీ గీశాను. మూడు ఫ్రేమ్‌ల అంకెలు పక్కపక్కన, ప్రతి అంకె కింద అది ఏ అంచు నుంచి ఏ అంచుకో. మూడు కాపీలు తీశాను. ఒకటి కవెంట్రీ దగ్గరి పెద్దాయనకు రేపు పోస్టు చేస్తాను. ఆయన బండి వెనక భాగం అంకె ఒకటి మాత్రం నేను ఆ రోజు సరిగ్గా రాసుకోలేదు. ఉత్తరంలో అడిగాను, లగ్ అంచు నుంచి కొలవమని.